కదలు బొమ్మలు: చూచువారు, చేయువారు

కదలు బొమ్మలను చూడని బాలుడు నేడు గ్రామములందు సైతము అరుదు. టెలివిజన్ పెట్టెలోను, అరచేత నిమిడెడు ఫోనులోను అవి రేయింబవళ్లు ఆడుచునే యున్నవి. చూచువారు కోట్లకొలది, అట్టివానిని తామును చేయవలెనని కోరువారు వేలకొలది, కోరినది సాధించి లోకమునకు చూపినవారు మాత్రము కొలదిమంది. చూపరి చిత్రకారుడుగా మారుట ఎట్లు జరుగును? అది కేవలము దైవదత్తమైన ప్రతిభవలననే యని కొంద రందురు. కాని నూరేండ్లకు మించిన ఈ కళయొక్క చరిత్రను పరిశీలించినచో వేఱొక సమాధానము దొరకును. ఏదో యొక చిత్రము ఒకని మనస్సును దోచినది. దానిని మరల మరల చూచుటకు అతనికి వీలు చిక్కినది. అది ఎట్లు చేయబడెనో తెలిపెడి సాధనము అతని చేతి కందినది. ఈ మూడును కూడిన చోటనే క్రొత్త చిత్రకారుడు పుట్టుచు వచ్చెను. ఆ సాధనము ఒక ముఖ్య సమయమున పౌర గ్రంథాలయమునుండియే లభించుట గ్రంథాలయాభిమానులు ఎఱుగదగిన విశేషము.

ముందుగా ఈ కళయొక్క కీలకమును గ్రహింపవలెను. తెర వెనుక దీపముంచి ఆడించు తోలుబొమ్మలాట తెలుగువారికి చిరపరిచితము. అందు బొమ్మ నిజముగనే కదలును. ఆడించువాని చేయి దానిని కదల్చును. ఆంగ్లమున యానిమేషన్ అనియు, వాడుకలో కార్టూన్ అనియు పిలువబడు కదలుబొమ్మ అట్టిది కాదు. అందు ఏ బొమ్మయు కదలదు. ఒకదానికంటె నొకటి ఇంచుక భేదించు నిశ్చలచిత్రములను వరుసగా, వేగముగా చూపినచో మనస్సు వానిని ఒకే చలనముగా భావించుకొనును. చలనచిత్రములో సెకండునకు 24 చిత్రములు తెరపై పడును. ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు ఫోటో తీసినను సెకండునకు 12 బొమ్మలు గీయక తప్పదు. ఈ లెక్కను పది నిమిషముల చిత్రమునకు 7,200 బొమ్మలు కావలెను. ఇంతటి శ్రమకు పూనుకొనువానికి గట్టి ప్రేరణ యుండవలెను.

1908లో ఫ్రాన్సు దేశమున ఎమిల్ కోల్ అను వ్యంగ్యచిత్రకారుడు సుమారు 700 బొమ్మలతో ‘ఫాంటస్మగోరీ’ యను చిన్న చిత్రమును చేసెను. అమెరికాలో వార్తాపత్రికలకు బొమ్మలు వ్రాయుచుండిన విన్సర్ మెకే 1911లో 4,000 బొమ్మలతో మొదటి చిత్రమును ప్రదర్శించెను. తన కుమారుడు తెచ్చిన పుటలు త్రిప్పెడు బొమ్మల పుస్తకమును చూచినప్పుడే తనకీ యాలోచన కలిగినదని అతడు చెప్పుకొనెను. 1914లో అతడు గెర్టీ యను ప్రాచీన మహాజంతువును వేలకొలది కాగితములపై గీచి రంగస్థలముపైకి తెచ్చెను. తెర ప్రక్కన తాను నిలువబడి కాలెత్తుమనును. తెరమీది జంతువు కాలెత్తును. కోపించును, అది కంట తడి పెట్టును. ప్రేక్షకులు విస్మయము నొందిరి. ఆ చూచినవారిలో పాల్ టెర్రీ యను పత్రికా చిత్రకారు డొకడు. అతడు కేవలము విస్మయముతో ఊరకుండక, మరుసటి సంవత్సరమునకే తానును చిత్రము తయారుచేసెను. ఆంధ్రదేశమున గ్రంథాలయ కార్యకర్తలు బెజవాడలో ప్రథమ మహాసభ జరుపుకొనినదియు ఆ 1914వ సంవత్సరముననే యగుట యాదృచ్ఛికమే యైనను, ఇట్టి సంచికలో స్మరింపదగియున్నది.

1920లో అమెరికాలోని కాన్సాస్ నగరమున వాల్ట్ డిస్నీ యను పదునెనిమిదేండ్ల యువకుడు ఒక ప్రకటనచిత్రముల సంస్థలో కుదిరెను. అచ్చట కాగితపు బొమ్మలను కత్తిరించి, వాని కాలుసేతులను కొంచెము కొంచెము జరుపుచు ఫోటోలు తీయుచుండిరి. థియేటరులలో తాను చూచిన కార్టూనులు ఇంతకంటె మేలుగా నుండుట అతని మనస్సును కలచివైచెను. చెప్పువా రెవ్వరును లేరు. అప్పు డతడు ఆ నగర పౌర గ్రంథాలయమునకు పోయెను. ఎడ్విన్ లుట్జ్ వ్రాసిన కదలుబొమ్మల నిర్మాణగ్రంథ మొకటి అచ్చట లభించెను. ఆ గ్రంథము వెలువడినదియు 1920లోనే. మనుష్యులయు జంతువులయు నడకలను క్షణక్షణమునకు ఫోటోలు తీసిన మైబ్రిడ్జ్ గ్రంథమును కూడ అతడు చూచి, అందలి పటములకు నకళ్లు తీయించుకొనెను.

లుట్జ్ గ్రంథములో నున్నది కవిత్వము కాదు; పనివాని కుపయోగించు విషయము. ప్రతి బొమ్మతోను ఇల్లు, చెట్టు మరల గీయ నక్కరలేదనియు, కదలెడి భాగమును మాత్రము పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుపై గీచి నిశ్చలమైన దృశ్యముపై నుంచిన చాలుననియు, నడకలోని కొలది బొమ్మలనే మరల మరల వాడుకొనవచ్చుననియు అందు వివరింపబడెను. డిస్నీ ఆఫీసు కెమెరాను ఎరువు తెచ్చుకొని రాత్రులందు అభ్యాసము చేసెను. 1922లో సొంత సంస్థ నెలకొల్పగా, అందు చేరిన యువకులకు చదువు చెప్పిన గురువులు రెండే: ఒకటి ఆ లుట్జ్ గ్రంథము, రెండవది పాల్ టెర్రీ చిత్రములు. మెకేను చూచి టెర్రీ పుట్టెను. టెర్రీని చూచి డిస్నీ బృందము నేర్చెను. ఆ సంస్థ 1923లో దివాలా తీసినది. అయినను నేర్చిన విద్య దివాలా తీయలేదు. 1928 నవంబరు 18వ తేదీన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ చిత్రములో మిక్కీ యను ఎలుక శబ్దసహితముగా తెరకెక్కినది. 1937లో ‘స్నో వైట్’ అను పూర్తినిడివి చిత్రము వెలువడినది.

ఈ చిత్రములు సముద్రము దాటి జపాను దేశమునకు చేరినవి. 1928లో జన్మించిన ఒసాము తెజుకా తండ్రి ఇంట ఒక చిన్న ప్రొజెక్టరు నుంచుకొని కుటుంబమునకు చిత్రములు చూపుచుండెను. ఆ బాలునకు మిక్కీ అట్లు పరిచయ మయ్యెను. 1945లో ఒసాకా నగరము వైమానిక దాడులచే భస్మమైయుండగా, ఏప్రిల్ నెలలో మొమొతారో నావికుల కథ యను 74 నిమిషముల కదలుబొమ్మల చిత్రము విడుదలయ్యెను. దానిని తీసినవాడు మిత్సుయో సెయో. ధనమిచ్చినది జపాను నౌకాదళము. యుద్ధప్రచారమే దాని యుద్దేశ్యము. పిల్లలలో అనేకులు పల్లెలకు తరలింపబడుటచే ప్రేక్షకులు మిక్కిలి తక్కువ. దాదాపు శూన్యమైన థియేటరులో కూర్చుండి ఆ చిత్రమును చూచిన పదునాఱేండ్ల తెజుకా కన్నీరు విడిచెను; ఎన్నటికైనను తానొక కదలుబొమ్మల చిత్రమును తీయవలెనని సంకల్పించుకొనెను. యుద్ధమునకై తీసిన చిత్రములోనుండి అతడు గ్రహించినది యుద్ధమును కాదు. అందలి జంతువుల జీవకళను, పల్లెపట్టుల శాంతిని. అనంతరకాలమున అతని రచనలలో శాంతికాంక్షయే ప్రధానముగా నుండెను. చూచినదానిలో దేనిని తీసికొనవలెనో చూపరియే నిర్ణయించుకొనుననుటకు ఇది గొప్ప దృష్టాంతము.

డిస్నీ ‘బాంబీ’ చిత్రము జపానులో ప్రదర్శింపబడినప్పుడు తెజుకా దానిని ఎనుబది మారులకు పైగా చూచెనని ప్రసిద్ధి. వైద్యవిద్యలో పట్టము పొందియు అతడు ఆ వృత్తిని విడిచి బొమ్మల కథలనే నమ్ముకొనెను. 1961లో కదలుబొమ్మల సంస్థను స్థాపించి, 1963 జనవరి 1వ తేదీనుండి ‘ఆటము’ అను యంత్రబాలుని కథను వారమువారము టెలివిజనులో ప్రదర్శించెను. ఆంగ్లమున దానికి ‘ఆస్ట్రో బాయ్’ అని పేరు. వారమునకొక కథ పూర్తిచేయుటకై బొమ్మల సంఖ్యను తగ్గించెను. ముఖము కదలకుండ నోరు మాత్రము కదల్చెను. ఒకమారు గీచిన బొమ్మలను భద్రపరచి మరల వాడెను. దేశమంతయు ఆ బాలుని ప్రేమించెను. కాని ప్రసారసంస్థకు ఆ చిత్రములను తక్కువ ధరకు ఇచ్చుటచే, ఈ వృత్తిలోని పనివారికి చాలీచాలని ప్రతిఫలము, ఎడతెగని శ్రమ అలవాటుగా మారినవని పిమ్మట విమర్శలు వచ్చినవి.

ఆ విమర్శ చేసినవారిలో హయావో మియజాకీ ముఖ్యుడు. 1941లో పుట్టిన ఇతడు బాల్యమున తెజుకా బొమ్మలను చూచి మైమరచినవాడే. పదునెనిమిదేండ్ల ప్రాయమున తన బొమ్మలన్నియు తెజుకా బొమ్మలవలెనే యున్నవని గుర్తించి, సిగ్గుపడి, వానిని అగ్నిపాలు చేసెను. 1958లో, ఉన్నత పాఠశాలలో చదువు ముగియు దశలో, ‘హకుజాదెన్’ అను జపాను చిత్రమును చూచెను. తెల్లపాము మానవస్త్రీగా మారి ప్రేమించిన చీనా గాథ యది. ఆ కథానాయిక అతని హృదయమును కదల్చెను. 1963లో ఆ చిత్రమును తీసిన తోయే సంస్థలోనే ఉద్యోగమున చేరెను. అచ్చట నిరుత్సాహము కలిగినప్పుడు ‘మంచు రాణి’ అను 1957 నాటి సోవియట్ చిత్రము అతనికి మరల ధైర్యమిచ్చెను. 1985లో ఘిబ్లీ సంస్థ యేర్పడినది. అనుకరణముతో మొదలిడుట దోషము కాదు, అచ్చటనే నిలిచిపోవుట దోషమని మియజాకీ చరిత్రమువలన తెలియుచున్నది.

భారతదేశమున ఈ విద్య క్రమముగా నేర్పబడుటకు ఆరంభము 1956. ఆ సంవత్సరము బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌లో కార్టూన్ శాఖ యేర్పడగా, డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ అను చిత్రకారుడు వచ్చి ఇచ్చటి యువకులకు శిక్షణ మిచ్చెను. 1957లో జాతకకథ ననుసరించి ‘బన్యన్ డీర్’ అను చిత్రము వెలువడినది. ఆ శాఖలో తొలినాళ్లలో చేరిన రామ్ మోహన్ (1931–2019) పిదప ఎందఱకో మార్గదర్శకుడయ్యెను. తెలుగునేలపై హైదరాబాదులో రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ‘ఛోటా భీమ్’ను టెలివిజనుకు అందించినది. దేశములో నలుమూలల పిల్లలు ప్రేమించిన ఆ ధోతీకట్టు బాలుడు తెలుగు రాజధానిలో రూపొందినవాడే.

ఇంతవరకు చూచిన చరిత్రలో చిత్రమును చూడవలెనన్న థియేటరునకు పోవలెను, లేదా ప్రసారవేళకై వేచియుండవలెను. అంతర్జాలము ఈ నిర్బంధమును తొలగించెను. 1996లో వెలువడిన ఫ్లాష్ అను సాధనము బొమ్మను చుక్కలుగా గాక, గీతల కొలతలుగా భద్రపరచుటచే చిత్రము బహు చిన్నదై, ఆనాటి మందగతి టెలిఫోను తీగలమీద సైతము ప్రయాణింపగలిగెను. అమెరికాలో టామ్ ఫల్ప్ 1995లో ఆరంభించిన న్యూగ్రౌండ్స్ అను అంతర్జాల వేదిక 2000 నాటికి ఎవరైనను తమ చిత్రమును స్వయముగా ఉంచుటకు వీలు కల్పించినది. చూచినవారు మార్కులు వేయుదురు, తప్పులు చెప్పుదురు, బాగులేనిది తొలగిపోవును. పాఠశాల ముఖము చూడని బాలురకు అదియే పాఠశాల యయ్యెను. 2005లో యూట్యూబ్ వచ్చినది. ఒకప్పుడు డిస్నీ అనుచరులు టెర్రీ చిత్రపు రీళ్లను సంపాదించి బొమ్మ వెంట బొమ్మ పరిశీలింపవలసివచ్చెను. నేడు ఒక వ్రేలితో చిత్రము నాపి, పరుగెత్తు గుఱ్ఱము ఏ క్షణమున ఏ కాలు నేల మోపినదో ఎన్నిమారులైనను చూడవచ్చును.

ఈ మార్పుయొక్క ఫలితములు శీఘ్రముగనే కానవచ్చినవి. మియజాకీ చిత్రములను చూచి పెరిగిన మకోతో షింకాయ్ ఉద్యోగము మాని, ఇంటి కంప్యూటరుపై దాదాపు ఒంటరిగా 25 నిమిషముల ‘హోషి నో కోయె’ అను చిత్రమును 2002లో పూర్తిచేసెను. అదే సంవత్సరము బ్లెండర్ అను త్రిమాన చిత్రణ సాధనమునకు సంకటకాలము దాపురించెను. దానిని నడపుచుండిన సంస్థ మూతపడగా, నిర్మాత టోన్ రోజెండాల్ ఉపయోగించువారినే విరాళములడిగెను. ఏడు వారములలో లక్ష యూరోలు ప్రోగైనవి. ఆ ధనముతో హక్కులను విడిపించి, 2002 అక్టోబరులో దానిని సర్వజనులకు ఉచితముగా విడుదల చేసిరి. ఇంటింట చందాలెత్తి పుస్తకభాండాగారములను నిలిపిన గ్రామముల వారికి ఈ కథ క్రొత్తగా తోచదు.

ఆ విరాళముల ఫలము ఎంత దూరము పోయినదో చూడుడు. లాట్వియా యను చిన్న దేశమున 1994లో పుట్టిన గింట్స్ జిల్‌బలోడిస్ యానిమేషన్ పాఠశాలలో చేరక, చిన్ననాటినుండి చిత్రములు చూచుచు, చేయుచు స్వయముగా నేర్చుకొనెను. ‘అవే’ అను పూర్తినిడివి చిత్రమును సంగీతముతో సహా ఒంటరిగనే నిర్మించి 2019లో విడుదల చేసెను. తరువాత ఒక బృందముతో కూడి బ్లెండర్ సాధనముతో ‘ఫ్లో’ యను చిత్రమును చేసెను. జలప్రళయములో చిక్కిన పిల్లి కథ యది. అందు ఒక్క మాటయు లేదు. 2024లో వెలువడిన ఆ చిత్రమునకు 2025 మార్చిలో ఆస్కార్ బహుమానము లభించెను. లాట్వియాకు అదియే మొదటి ఆస్కార్. ఆ చిత్రమును నిర్మించిన సాధనము, కంప్యూటరు గల ఏ పల్లెటూరి బాలునకైనను ఉచితముగా లభించుచున్నది.

అయినను అంతయు శుభమే యని మురియుటకు వీలు లేదు. సమృద్ధి తనతో ఒక ప్రమాదమును తెచ్చినది. తెజుకా ఎనుబది మారులు చూచినది ఒకే చిత్రమును. నేటి బాలుడు ఒక్క పూటలో ఎనుబది చిత్రములను చూచుచున్నాడు; ఒకటి ముగియకమునుపే మరియొకటి దానంతట వచ్చి నిలుచుచున్నది. ఒకే వస్తువును మరల మరల చూచుట పరిశీలనము. క్రొత్తవానిని ఎడతెగక చూచుట కాలక్షేపము. మొదటిది చేతిని పనికి పురికొల్పును. రెండవది దానిని నిద్రపుచ్చును. కావున పిల్లల చేతినుండి ఫోను లాగుకొనుటకంటె, ఒక్క చిత్రమును నిలిపి చూపి, దాని ప్రక్క ఒక పెన్సిలు, కొన్ని కాగితములు ఉంచుట మేలు.

రెండవ ప్రమాదము నాశనము. ప్రచారచిత్రముగా తీయబడిన ఆ మొమొతారో కథ యుద్ధానంతరము నశించినదనియే లోకము తలచెను. 1980 ప్రాంతముల తరువాత గాని దాని ప్రతి గిడ్డంగిలో బయటపడలేదు. అంతర్జాల చిత్రములకును ఇట్టి గతియే పట్టబోయెను. 2020 డిసెంబరు 31వ తేదీతో ఫ్లాష్ సాధనమునకు దాని యజమానులు స్వస్తి చెప్పిరి. ఇరువదియేండ్లపాటు వేలాది యువకులు చేసిన చిత్రములు ఒక్కసారిగా తెరవరాని తాళపత్రములవలె నయ్యెను. అప్పుడు కొందఱు స్వచ్ఛందముగా శ్రమించి రఫిల్ అను క్రొత్త సాధనమును నిర్మించి వానికి మరల ప్రాణము పోసిరి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అను అంతర్జాల గ్రంథాలయము 2020 నవంబరునుండియే అట్టి చిత్రములను చేర్చి భద్రపరచసాగెను. గ్రంథాలయమను మాటకు పుస్తకముల బీరువా యని మాత్రమే యర్థము కాదనియు, ముందుతరమువారి పనిని వెనుకతరమువారి కందించు స్థానమనియు దీనివలన స్పష్టమగుచున్నది.

చూపరిని చిత్రకారునిగా చేయునది ధనము కాదనియు, మహానగరము కాదనియు ఈ చరిత్ర చెప్పుచున్నది. కాన్సాస్ యువకునకు గురువు లేడు. ఒసాకా బాలునకు నగరమే లేదు. లాట్వియా యువకునకు పాఠశాల లేదు. వారి కున్నది, తమకు నచ్చినదానిని మరల మరల చూచు అవకాశము, దాని మర్మమును తెలిసికొను దారి. ఈ రెండింటిని రుసుము లేకుండ ఎల్లరకు అందించుటయే గ్రంథాలయధర్మము. చిత్రలేఖనమును బోధించు ఒక పుస్తకము, ఉచిత సాధనములు గల ఒక కంప్యూటరు, ప్రశ్నించిన బాలుని విసుగుకొనని ఒక గ్రంథపాలకుడు ఉన్నచోట ఈ పరంపర తెగదు. కాన్సాస్ గ్రంథపాలకుడు 1920లో ఎవని చేతికి ఆ పుస్తకము నిచ్చుచున్నాడో ఎఱుగడు. రజతోత్సవము జరుపుకొనెడి గ్రంథాలయపు చిట్టాలో నేడు పేరు వ్రాయించుకొను బాలబాలికలలో ఎవరు ఏమగుదురో నిర్ణయింపగలవారు లేరు. ప్రతివానికిని అడిగిన పుస్తకము అందునట్లు చూచుటయే పెద్దలు చేయదగిన పని.